ఐసులో పెట్టిన వేలు

ఒక పూటంతా మా పాప కుడిచేతి చూపుడువేలు పాప చేతికి లేదు. అది స్టీలు టిఫిన్ డబ్బాలో, నా ఒడిలో ఉంది. పాప మా మామగారి ఒడిలో ఉంది. జీపు బాన్సువాడ దాటి హైదరాబాదు వైపు పోతోంది. ఆ డబ్బా పట్టుకున్న పట్టు నా చేతులకు ఇంకా గుర్తుంది. పాప పడుకున్నాక కాగితం ముందర పెట్టుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది పాప ఏడుపు కాదు, ఆ డబ్బాలో నీళ్లు కదిలిన చప్పుడు.

అప్పటికి పాపకు ఐదేళ్లు. మా ఇల్లు బాన్సువాడలో ఊరి చివర, బీర్కూర్ పోయే రోడ్డు మీద. ఇంట్లో అత్తమామలు, మేము, పాప. కొట్టంలో రెండు బర్రెలు. మా ఆయన పిట్లంలో టీచరు, పొద్దున ఎనిమిదింటి బస్సుకే వెళ్లిపోతారు. కొట్టంలో ఓ మూల చొప్ప కత్తిరించే మిషను ఉండేది. పెద్ద ఇనుప చక్రానికి రెండు కత్తులు బిగించి ఉంటాయి. చక్రం తిప్పుతుంటే తొట్టిలోంచి తోసిన జొన్నచొప్ప ముక్కలై కింద పడుతుంది. ఆ చక్రం చెయ్యి వదిలిన వెంటనే ఆగదు. దాని బరువుకు అదే ఇంకో మూడు నాలుగు చుట్లు తిరుగుతుంది.

అత్త చక్రం వదిలేసి గంప ఎత్తుకోవడానికి వంగింది. పాప వెనకనుంచి వచ్చి, తొట్టి అంచున మిగిలిన ఒక చొప్పకట్టెను నానమ్మ తోసినట్టే లోపలికి తోసింది.

నేను వంటింట్లో ఉన్నాను. ముందు వినిపించిన అరుపు పాపది కాదు, అత్తది. పరుగెత్తుకుని వెళ్లేసరికి ఆమె పాప చేతిని గట్టిగా పట్టుకుని పిడికెడు పసుపు అద్దేసింది. చొప్ప ముక్కల్లోంచి వేలును వెతికి తీసి, దానికీ పసుపు పూసి, తెగిన చోట ఆనించి పట్టుకుంది. "అంటుకుంటది బిడ్డా, అంటుకుంటది, జెర ఆగు" అంటోంది. బర్రె కాలు చీరుకున్నా, మనిషి కాలు తెగినా ఆ ఇంట్లో ముందు పసుపే. ఆమె చేతులకు తెలిసిన వైద్యం అది.

నాకు తెలిసిన వైద్యం వేరు. నేను జువాలజీతో బీయస్సీ చదివాను. తెగిపోయిన వేలును ఐసులో పెట్టి తీసుకెళ్తే పెద్దాసుపత్రిలో అతికిస్తారని ఏదో వారపత్రికలో చదివిన గుర్తు ఉంది. అత్త చేతిలోంచి వేలును లాక్కున్నాను. అప్పుడు నేనన్న మాట కూడా గుర్తుంది. "మీకేం తెల్వదు అత్తమ్మా, ఇటియ్యిరి!" అన్నాను. రోడ్డుకు అటుపక్క కూల్‌డ్రింకుల దుకాణతను గోనెసంచిలోని ఐసుగడ్డను పగలగొట్టి ఇచ్చాడు. పాప బడికి తీసుకెళ్లే డబ్బా నిండా ముక్కలు పోసి, మధ్యలో వేలు పెట్టి, మూత బిగించాను. నేను సరైన పని చేశానన్న ధైర్యం ఆ క్షణంలో నాకు ఒక్కదానికే ఉంది.

బాన్సువాడ దవాఖానలో డాక్టరు చేతికి కట్టు కట్టి సూదిమందు ఇచ్చాడు. వేలు తెచ్చారా అని అడిగాడు. డబ్బా చూపించాను. "ఐసులనే ఉంది గదా? మంచిది. ఆలస్యం చెయ్యకుండ్రి, హైదరాబాద్ పోండ్రి" అన్నాడు. ఆయన మూత తీసి చూడలేదు. ఆయన కూడా చూడలేదు కదా అని తరవాత చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను.

కిరాయి జీపులో మామ, నేను, పాప. అత్త ఎక్కబోతే మామ వద్దన్నాడు. "బర్రెలకాడ ఎవరుంటరే? నువ్వొచ్చి ఏం జేస్తవ్?" ఆమె జీపు తలుపు పట్టుకుని కాస్త దూరం నడిచి వదిలేసింది. మెదక్ దాటాక మూత తీసి చూశాను. ఐసు సగం కరిగిపోయింది. వేలు నీళ్లలో తేలుతోంది. చాలాసేపు బట్టలు పిండిన వేలులా తెల్లగా ముడతలు పడి ఉంది. దారిలో జీపు ఆపించి ఇంకో రెండు గుప్పిళ్ల ఐసు వేయించి మళ్లీ మూత పెట్టాను.

హైదరాబాదులో వేళ్లు అతికించే డాక్టరు డబ్బా తెరిచి, వేలును పట్టకారుతో పైకెత్తి చూశాడు. "దీనికేం పూశారు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మామ అందుకున్నాడు. "మా ముసల్ది పసుపు వెట్టింది సారూ. దానికి బుద్ధి లేదు. ఎంత జెప్పినా ఇనది."

డాక్టరు తల ఊపి, వేలును గాజుగుడ్డలో చుట్టించి లోపలికి పంపించాడు. వేలు బతుకుతుందని మాట ఇవ్వలేనన్నాడు. చిన్నపిల్లల రక్తనాళాలు చాలా సన్నమనీ, ప్రయత్నం చేస్తాననీ, వారం రోజులు గడిస్తే కానీ ఏమీ చెప్పలేననీ అన్నాడు. మూడున్నరకు పాపను లోపలికి తీసుకెళ్లారు. చీకటి పడ్డాక ఎప్పటికో బయటికి తెచ్చారు. మా ఆయన పిట్లం నుంచి రెండు బస్సులు మారి అప్పటికి వచ్చారు. వరండాలో మామ ఆయనకు జరిగింది చెప్పాడు. చక్రం వదిలింది అత్త, పసుపు పూసింది అత్త. ఐసు సంగతి చెప్పేటప్పుడు మాత్రం మామ నావైపు చూసి, "కోడలు చదువుకున్నది గాబట్టి వేలు పారెయ్యకుండ పట్టుకొచ్చింది" అన్నాడు.

మర్నాడు పొద్దున డాక్టరు వచ్చి కట్టు చివర చూశాడు. వేలి కొస లేతగా, ఎర్రగా ఉంది. సిస్టరు గోరును నొక్కి వదిలింది. తెల్లబడి మళ్లీ ఎర్రబడింది. "వేలికి రక్తం అందుతోంది" అన్నాడు డాక్టరు. ఆ మాట వినగానే ఆయన కాళ్లు పట్టుకోవాలనిపించింది. ఎట్లా అతికించారు సార్ అని అడిగాను. ఆయన ఎక్స్‌రే కవరు వెనక పెన్నుతో గీసి చూపించాడు.

ముందు ఎముకను కాస్త పొట్టి చేసి సన్నటి తీగతో నిలబెట్టారట. తరవాత కండర తాడు. ఆ తరవాత మైక్రోస్కోపు కింద అసలు పని. పాప వేలిలో రక్తం తెచ్చే నాళం అగరుబత్తి పుల్లకన్నా సన్నం. తెగిన రెండు కొసల్నీ చిన్న క్లిప్పులతో పట్టి దగ్గరికి తెస్తారు. కుట్టే దారం తలవెంట్రుకకన్నా సన్నం, ఉత్త కంటికి ఆనదు. మొదట అటొకటి ఇటొకటి రెండు కుట్లు వేసి నాళం నోరు తెరిచి ఉండేలా పట్టుకుంటారు. పైన రెండు మూడు కుట్లు వేసి, క్లిప్పుల్ని బోర్లా తిప్పి, వెనకవైపు కుట్టు వేస్తారు. సూది పొరపాటున అవతలి గోడను కూడా పట్టుకుంటే నాళం మూసుకుపోతుంది. అప్పుడు మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టాలి.

"కానీ మీ పాపకు రెండు కొసలూ అందలేదు" అన్నాడు. "చెడిపోయిన కొసల్ని శుభ్రమైన చోటు దాకా కత్తిరించాల్సి వచ్చింది. మధ్యలో ఖాళీ పడింది. అందుకని ముంజేతి లోపలనుంచి ఒక చిన్న సిర తీసి మధ్యలో అతుకు వేశాం. దాన్ని తలకిందులుగా తిప్పి పెట్టాలి. సిరలో చిన్న చిన్న తలుపులుంటాయి, రక్తాన్ని ఒకవైపే పోనిస్తాయి."

మామ కవరును చేతిలోకి తీసుకుని చూశాడు. "అంటే తూము తలుపసోంటిది సారూ. ఉల్టా వెడితే నీళ్లు ఆగిపోతయి."

"అంతే పెద్దాయనా" అని డాక్టరు నవ్వాడు.

మామ చాయ్ తాగడానికి కిందికి వెళ్లాక నేను డాక్టరు వెనకే నడిచి అడిగాను. "సార్, పసుపు వల్లనేనా కొసలు చెడిపోయింది?"

"పసుపు కడిగితే పోయిందమ్మా. కాస్త టైం పట్టిందంతే. చెడగొట్టింది ఐసు నీళ్లు. తెగిన భాగాన్ని నేరుగా ఐసులో పెట్టకూడదు. తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి, ఆ కవరును ఐసు మీద పెట్టాలి. ఇది ఐదు గంటలు నీళ్లలో నానింది. లోపలి పొర ఉబ్బి, అక్కడక్కడ చలికి మాడిపోయింది. ఎవరు పెట్టారు?"

కప్ప రక్తకణాలను ఉత్తనీళ్లలో వేస్తే ఉబ్బి పగిలిపోతాయని నేను డిగ్రీ రెండో ఏట ల్యాబులో చూశాను. రికార్డులో బొమ్మ వేశాను. దానికి మార్కులు వచ్చాయి.

"ఇంట్లోవాళ్లు పెట్టారు సార్" అన్నాను.

ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. సాయంత్రం మా ఆయన కింద ఎస్టీడీ బూత్ నుంచి మా వీధిలో ఫోనున్న ఇంటికి చేసి అత్తను పిలిపించారు. నేను అద్దం తలుపు బయట నిలబడ్డాను. ఆయన గొంతు బయటికి వినిపిస్తోంది. "అవ్వా, నీకెవరు జెప్పిన్రే పసుపు వెట్టుమని? వంట జేస్తున్నవా వేలును? సారు చెయ్యి కోసి నరం దీసి అతికిచ్చిండు. వేలు పోతే నీ పేరే జెప్తరు అందరు!" అవతల ఆమె ఏమందో నాకు తెలియదు. ఫోను పెట్టేసి బయటికి వచ్చి, "ఏడుస్తుంది" అన్నారు. నేను అప్పుడైనా చెప్పాల్సింది. వేలు బతికితే చెబుదాంలే అనుకున్నాను. బతికితే నా తప్పు చిన్నదైపోతుంది, చస్తే ఎప్పటికీ చెప్పలేను. లోపల నేను చేసుకున్న లెక్క అదే.

మూడో రోజు మధ్యాహ్నం వేలు రంగు మారింది. మొదట ఊదాగా, తరవాత నేరేడుపండు రంగులోకి వచ్చి ఉబ్బింది. డాక్టరు వచ్చి సూదితో కొస మీద గుచ్చాడు. నల్లటి రక్తం ఉబికింది. రక్తం తెచ్చే నాళం బాగానే ఉందట. తిరిగి తీసుకెళ్లే సిర ఒక్కటే కుట్టగలిగారు, అది గడ్డకట్టి మూసుకుపోయిందట.

"నీళ్లొస్తున్నయి, పోయేటందుకు తొవ్వ లేదు" అన్నాడు మామ మెల్లగా. "మడి మురిగిపోయినట్టే."

అవునన్నాడు డాక్టరు. కొత్త సన్నటి దారులు వాటంతట అవే తెరుచుకోవడానికి ఐదారు రోజులు పడుతుంది. అప్పటిదాకా లోపల నిలిచిన రక్తాన్ని మనమే బయటికి తీస్తూ ఉండాలి. కొన్నిచోట్ల దీనికి జలగలు పెడతారని కూడా అన్నాడు.

మామ ముఖం ఆ మూడు రోజుల్లో మొదటిసారి వెలిగింది. "జలగలా? మా మడిల్లకు రా సారూ! నాట్లేసేటప్పుడు కాళ్లకు పదిపది వడ్తయి. బస్తా నింపి తెమ్మంటవా?"

"మీ మడిలోవి వద్దు పెద్దాయనా, వాటి నోట్లో ఏ పురుగులున్నాయో. ఇంకో దారి ఉంది" అన్నాడు డాక్టరు నవ్వు ఆపుకుంటూ.

ఆ దారి ఇది. పాప వేలిగోరు తీసేశారు. గోరు కింది మెత్తటి చోట చిన్న గాటు పెట్టి, రక్తం గడ్డకట్టనివ్వని మందులో ముంచిన గాజుగుడ్డ వేశారు. గంటకోసారి ఆ గుడ్డ మార్చి, కట్టిన పొరను రుద్ది, మళ్లీ రక్తం కారేలా చెయ్యాలి. సిస్టర్లకు వార్డంతా పని. మూడో రోజు సాయంత్రం నుంచి ఆ పని నాకు నేర్పించారు. పాప నిద్రలో ఉన్నా, అన్నం తింటున్నా, గంట అయ్యేసరికి నేను ఆ వేలిని పట్టుకునేదాన్ని. తెగిన వేలికి స్పర్శ ఇంకా రాలేదు కాబట్టి నొప్పి ఉండదని డాక్టరు చెప్పాడు. పాపకు నొప్పి లేకపోయినా భయం ఉండేది. "అమ్మా, రక్తం తియ్యకే, నేను మళ్ల చొప్ప ముట్టుకోనే" అని బతిమిలాడేది. వాళ్ల నాన్న వస్తే చెయ్యి దుప్పటి కింద దాచుకుని, "అమ్మను బయటికి పొమ్మను" అనేది.

నేను రుద్దుతూనే ఉన్నాను. మొదట కొన్ని చుక్కలు నల్లగా వస్తాయి, ఆ తరవాత ఎర్రగా. ఎర్రది కనిపిస్తే ఆ గంటకు వేలు బతికినట్టు. నాలుగో రోజుకు పాప పెదాలు తెల్లబడ్డాయి. రక్తం ఎక్కించాలన్నారు. మా ఆయన తన రక్తం ఇచ్చారు. ఆయన చెయ్యి మడుచుకుని వచ్చి నా పక్కన కూచుని, "గంట గంటకు లేస్తున్నవ్, ఎవరో జేసినదానికి నువ్వు జచ్చిపోతున్నవ్" అన్నారు. ఆ మాటకూ నేను ఊరుకున్నాను.

ఐదో రోజు ఊరినుంచి బంధువులు జీపు కట్టుకుని చూడ్డానికి వచ్చారు. అత్త రాలేదు. ఏమైందని అడిగితే మా చిన్నాడబిడ్డ చెప్పింది. "అవ్వ కొట్టంలకే పోతలేదు వదినే. పసుపు డబ్బా తీసి అటక మీద వెట్టింది. కూరల గూడ ఎయ్యదట. తిండి గూడ సరిగ తింటలేదు."

ఆరో రోజు నల్లటి చుక్కలు తగ్గాయి. ఏడో రోజు రుద్దినా ముందునుంచే ఎర్రగా వచ్చింది, ఉబ్బు దిగింది. డాక్టరు వేలిని అటూ ఇటూ తిప్పి చూసి, గాజుగుడ్డ ఇక వద్దని సిస్టరుకు చెప్పాడు. "బతికింది" అన్నాడు. కొస కణుపు వంగదనీ, చలికాలంలో ఆ వేలు సలుపుతుందనీ, స్పర్శ రావడానికి నెలలు పడుతుందనీ తరవాత చెప్పాడు. నేను మరుగుదొడ్లో తలుపేసుకుని ఏడ్చాను. బతికితే చెబుతాననుకున్నాను కదా. బతికాక ఇక చెప్పాల్సిన అవసరం ఏముందనిపించింది.

పన్నెండో రోజు ఇంటికి వచ్చాం. జీపు ఆగేసరికి వీధిలో ఆడవాళ్లంతా గుమిగూడారు. అత్త గడప లోపలే నిలబడింది. పది రోజుల్లో పదేళ్లు పెరిగినట్టుంది. పాప "నానమ్మా" అంటూ కట్టు ఉన్న చెయ్యి చాపి పరుగెత్తింది. అత్త రెండడుగులు వెనక్కి వేసి, చేతులు వీపు వెనక పెట్టుకుంది.

"నా దగ్గరికి రాకు బిడ్డా. నా చెయ్యి మంచిది గాదు."

పక్కింటామె మెట్టు మీద కూలబడి, "గంతేగా మరి! పసుపు వెడితే నరాలు మూసుకపాయెనంట గదా. ముసలోళ్లు ఊకెనే ఉండరు" అంది.

ఏది నన్ను కదిలించిందో ఇప్పటికీ తెలియదు. బహుశా ఆ చేతులు వీపు వెనక్కి పోవడం కావచ్చు. "పసుపుతోని కాదు" అన్నాను. "పసుపు కడిగితే పోయిందని డాక్టరే చెప్పిండు. వేలిని చెడగొట్టింది ఐసు. ఐసు వెట్టింది నేను. గుడ్డల సుట్టకుండ, ఉత్తగ ముంచిన. రెండోసారి గూడ నేనే ఏయించిన. అత్తమ్మ తప్పేం లేదు."

పక్కింటామె లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"గిసోంటి కోడలు ఎవరికి దొరుకుతదే అక్కా!" అంది అత్తతో. "నీ మీదికి మాట రావద్దని తన మీదేసుకుంటున్నది సూడు. మా కోడలైతే బజార్ల డప్పు గొట్టేది."

మిగిలినవాళ్లు కూడా అదే అందుకున్నారు. ఒకామె కళ్లొత్తుకుంది. కాదు, నిజంగానే నేనే అని మళ్లీ అన్నాను. "ఊకో బిడ్డా, మాకు తెల్వదా" అన్నారు. మామ జీపు కిరాయి ఇచ్చి వచ్చి విషయం విని, "చదువుకున్న పిల్ల గదా, పెద్దమనసు" అన్నాడు.

అందరూ వెళ్లిపోయాక అత్త వంటింటి గుమ్మంలో నిలబడి నన్నే చూసింది. ఆమె ఒక్కతే నమ్మింది.

"నిజమేనా పిల్లా?"

"నిజమే అత్తమ్మా."

"ఎప్పుడెర్కైంది నీకు?"

"రెండో రోజు పొద్దుగాల."

"రెండో రోజు." ఆమె వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. "నా కొడుకు ఫోన్ల తిట్టిండు సూడు, గది గా దినం సాయంత్రమే. నువ్వు పక్కకే ఉన్నవా?"

"ఉన్న."

ఆమె గొంతు పెద్దది చెయ్యలేదు. చేసి ఉంటే బాగుండేది. "నేను ముసల్దాన్ని, సదువు రానిదాన్ని, పసుపు వెట్టిన. నువ్వు తెల్వక ఐసు వెట్టినవ్. గంతవరకు ఇద్దరం ఒక్కటే. అటెంక పది దినాలు నోరు మూసుకున్నవ్ సూడు, గది మాత్రం నీదొక్కదానిదే" అంది. పాపను ఎత్తుకుని బయటికి వెళ్లింది.

ఆ రాత్రే మా ఆయనకూ చెప్పాను. మొదట నమ్మలేదు. డాక్టరు మాటలు ఒక్కొక్కటే చెప్పాక నమ్మారు. "వేలు బతికింది గదా, ఇగ పోనియ్" అన్నారు. అవ్వతో ఒక మాట అనండి, క్షమించమనండి అన్నాను. "నువ్వు జెప్పినవ్ గదా, అయిపాయె" అన్నారు. ఆయన ఇప్పటికీ ఆమెతో ఆ సంగతి ఎత్తలేదు.

ఇది జరిగి నాలుగేళ్లు. పాప ఆ వేలిని కాస్త నిటారుగా పెట్టి రాస్తుంది, అక్షరాలు బాగానే వస్తాయి. చలికాలంలో వేలు తెల్లబడి సలిపితే నా దగ్గరికి రాదు, నానమ్మ దగ్గరికే వెళ్తుంది. ఆమె ఆ చెయ్యిని తన చంకలో పెట్టుకుని వెచ్చచేస్తుంది. పెళ్లిళ్లలో, బారసాలల్లో ఎవరో ఒకరు నన్ను చూపించి, అత్త తప్పును తన మీద వేసుకున్న కోడలు ఈమేనంటారు. నేను కాదని చెప్పడం మానేశాను, ఎంత కాదంటే అంత మంచిదాన్నవుతున్నాను. అత్త ఆ మాట విన్నప్పుడు కాదనదు, అవుననదు. కొంగు సర్దుకుని లేచి, వేరే వాళ్ల పక్కన కూచుంటుంది.